పగడం పూస, అడుగు సముద్రపు పుట్టగొడుగు

పూతలపట్టు నుంచి సముద్రం చూడాలంటే చెన్నై దాకా పోవాలి. 150 కిలోమీటర్లకు తక్కువ కాదు. ఊరి చుట్టూ మామిడి తోపులు, చెరకు మళ్లు, బెల్లం వండే పొయ్యిలు. ఉప్పుగాలి సోకని నేల. అయినా మా వైపు పుస్తెలకు అటూ ఇటూ ముత్యంతో పాటు పగడం గుచ్చడం పాత అలవాటు. జాతకంలో కుజుడు సరిగా లేడంటే ఉంగరంలో పొదిగించి వేలికి పెడతారు. నవరత్నాల్లో చోటు దక్కింది కాబట్టి అదీ ఒక రాయే అనుకుంటాం. కాదు. అది సముద్రంలో బతికిన జంతువులు కట్టుకున్న అస్థిపంజరం. నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా పొంగుతుంది, సున్నం కదా! (మెరుగు పోతుంది, ఇంట్లో పూసల మీద ప్రయత్నించొద్దు.)

ఈ పూసకు సముద్రంలో దగ్గరి చుట్టం ఎవరు? చూపుకు తోచే జవాబు ఒకటుంది: అలాగే గట్టిగా, కొమ్మలు కొమ్మలుగా, దిబ్బలు దిబ్బలుగా పెరిగే పగడాలు. లక్షద్వీప్ ఫోటోల్లో కనిపించేవి. అది తప్పు జవాబు. వందల మీటర్ల లోతున, వెలుతురన్నది ఎరగని చోట, రాతికి అంటుకుని ఎర్రటి పుట్టగొడుగులా నిలబడే మెత్తని కండముద్ద ఒకటుంది. దాని పేరు ఆంథోమాస్టస్. వేలితో నొక్కితే లొంగుతుంది. లోపల కాడ లేదు, కొమ్మ లేదు. మన పూసకు అసలైన దాయాది అదే. 2022లో దానికి ఎర్ర పగడం ఇంటిపేరే ఇచ్చి, కరాలియిడే కుటుంబంలో చేర్చారు. ఈ ఒక్క చుట్టరికం తేలడానికి దాదాపు 300 ఏళ్లు పట్టింది. అంత ఆలస్యం ఎందుకైందన్నదే ఇక్కడ చెప్పుకోవలసిన కథ.

పగడం మనకు కొత్త సరుకేమీ కాదు. కాకతి గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో ఏ సరుకుకు ఎంత సుంకమో రాయించాడు. శ్రీగంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతాలు, పట్టు, మిరియాలు, పోకలు, వాటి వరసలోనే పగడాలు. తర్వాతి శతాబ్దాల్లో ఇటలీలోని లివోర్నో రేవు నుంచీ లండన్ నుంచీ యూదు వర్తకులు మధ్యధరా పగడాన్ని మద్రాసుకు పంపి, బదులుగా గోల్కొండ వజ్రాలు కొనేవారు. చెన్నై జార్జిటౌన్‌లో పగడాల వ్యాపారుల పేరిట ఇప్పటికీ ఒక వీధి ఉంది. అమ్మినవాడికీ కొన్నవాడికీ సుంకం వసూలు చేసినవాడికీ దాని ధర తెలుసు. అదేమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

తెలిసిందని మొదట అనుకున్నవాడు ఇటలీకి చెందిన మార్సీలీ. 1706లో అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రపు నీళ్లలో ఉంచి చూశాడు. కొమ్మ నిండా తెల్లటి చిన్న పువ్వులు విచ్చుకున్నాయి. ఒక్కొక్క పువ్వుకు ఎనిమిది రేకులు. నీళ్లలోంచి తీస్తే ముడుచుకున్నాయి, మళ్లీ ముంచితే విచ్చుకున్నాయి. పగడం మొక్కేనని తేలిపోయిందనుకున్నాడు. ఐరోపా పండితులు ఆ మాట సంతోషంగా ఒప్పుకున్నారు.

మార్సెయ్ నగరపు వైద్యుడు ఝాఁ ఆంద్రే పేసొనెల్‌ను కూడా మొదట్లో ఆ పువ్వులే లాగాయి. 1723లో మార్సెయ్ తీరాన, తర్వాత ఉత్తర ఆఫ్రికా తీరాన పగడాలు తీసే పడవల వెంట తిరిగాడు. అతను చేసిన పని వివరంగా చెప్పుకోదగ్గది. పగడమున్న గిన్నెను నిప్పు దగ్గర పెట్టాడు. నీళ్లు వెచ్చబడేకొద్దీ ‘పువ్వులు’ బాగా విచ్చుకున్నాయి. మంట పెంచి నీళ్లు మరిగించాడు. అవి విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే చచ్చి నిలిచిపోయాయి. తీరిగ్గా చూడటానికి వీలు చిక్కింది. రేకులనుకున్నవి చేతులు. మధ్యలో ఉన్నది నోరు. చచ్చిన పగడాన్ని అలాగే వదిలేస్తే కుళ్లిన చేపల కంపు కొట్టింది. ఏ పువ్వుకు ఆ కంపు ఉంటుంది?

పారిస్ అకాడమీలో పెద్దమనిషి రెయోమ్యూర్. 1727లో ఈ వాదాన్ని సభలో వినిపించాడు గానీ, చెప్పినవాడి పేరు దాచాడు. ఇంత వెర్రి మాట అన్న మనిషి పరువు పోకుండా కాపాడానని అతని ఉద్దేశం! 1740ల మొదట్లో, మొక్కలా కనిపించేదీ జంతువు కావచ్చని చూపిస్తూ, ట్రెంబ్లే మంచినీటి హైడ్రా మీద చేసిన ప్రయోగాలు వచ్చాయి. బెర్నార్ ద జూసియూ నార్మండీ తీరానికి వెళ్లి స్వయంగా చూసొచ్చాడు. అప్పుడు రెయోమ్యూర్ తప్పు ఒప్పుకుని పేసొనెల్ పేరు బయటపెట్టాడు. అప్పటికి పేసొనెల్ అట్లాంటిక్ అవతల గ్వాదలూప్ దీవిలో వైద్యం చేసుకుంటున్నాడు. అతని రాతప్రతి సారాంశాన్ని 1750ల మొదట్లో అచ్చువేసిన పుణ్యం లండన్ రాయల్ సొసైటీది.

మార్సీలీ లెక్కపెట్టిన ఎనిమిది మాత్రం వృథా పోలేదు. దిబ్బలు కట్టే రాతి పగడాల్లో ఒక్కొక్క జీవికి, అంటే పాలిప్‌కు, చేతులు ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు ఇలా ఆరు గుణిజాల్లో ఉంటాయి. ఎర్ర పగడానికీ, మెత్తని పగడాలకూ, సముద్రపు విసనకర్రలకూ, సముద్రపు ఈకలకూ ఎప్పుడు చూసినా ఎనిమిదే. ప్రతి చేతికీ రెండు పక్కలా పక్షి ఈకలాగా సన్నని పీచులు. కడుపు లోపలి అరలూ ఎనిమిదే. ఈ గుంపును ఆక్టోకరాలియా అంటారు. ఇప్పటికి పేర్లు పెట్టినవి 3,500 జాతులకు పైబడ్డాయి. వాటిలో సగానికి పైగా 50 మీటర్లకన్నా లోతున ఉండేవే. అంటే ఈత కొట్టేవాడి కంటికి ఆనేది ఈ కుటుంబంలో కొద్ది భాగమే.

లోతున ఉండేవాటి సంగతి మొదట తెలిసింది చాలావరకు వేటగాళ్ల తాళ్లవల్లే. 1750ల్లో గ్రీన్‌లాండ్ దగ్గర తిమింగలాల వేటకు వెళ్లిన ఓడ ఒకటి, సముద్రం లోతు చూసే తాడు దించింది. సుమారు 430 మీటర్ల నుంచి రెండు వింత జీవులు ఆ తాడుకు చుట్టుకుని పైకొచ్చాయి. మనిషెత్తు సన్నని కాడ, దాని కొసన గుత్తిగా పాలిప్‌లు. 1753లో జాన్ ఎల్లిస్ దాన్ని వర్ణించాడు. ఇప్పుడు అంబెల్లులా అని పిలిచే సముద్రపు ఈక అది. అలాంటిది మరొకటి దొరకడానికి వందేళ్లకు పైగా పట్టింది. 1871లో స్వీడన్ వాళ్ల ఓడలకు మళ్లీ చిక్కింది.

మన ఎర్ర పుట్టగొడుగు కథా అలాంటిదే. అమెరికా తూర్పు తీరంలోని గ్లాస్టర్ రేవు జాలర్లు హాలిబట్ చేపల కోసం లోతు నీళ్లలో గాలపు తాళ్లు వేసేవారు. గాలాలకు చేపలతో పాటు వింత పగడాలు చిక్కుకునేవి. పారేయకుండా దాచి ఇవ్వమని యేల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అడిసన్ వెరిల్ బృందం వాళ్లను బతిమాలుకుంది. అలా వచ్చినవాటిలో ఒకదానికి 1878లో వెరిల్ ఆంథోమాస్టస్ గ్రాండిఫ్లోరస్ అని పేరు పెట్టాడు. మెత్తని కండ ఉంది, గట్టి ఇరుసు లేదు. కాబట్టి అది మెత్తని పగడాల పద్దులోకే వెళ్లింది. అప్పుడు ఎవరైనా అదే చేసేవారు.

హిందూ మహాసముద్రంలో ఈ పని చేసింది ఇన్వెస్టిగేటర్ అనే ఓడ. 1881లో ఇండియన్ మెరీన్ కొలువులో చేరింది. అసలు పని తీరాల కొలతలు, నావికుల పటాలు. ఖాళీ దొరికినప్పుడల్లా అడుగుకు వల దించేవారు. 1888లో సర్జన్–నేచురలిస్టుగా ఎక్కిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ ఆ ‘ఖాళీ’ పనితోనే పేరు తెచ్చుకున్నాడు. అండమాన్ల దగ్గరా, బంగాళాఖాతంలోనూ, అరేబియా సముద్రంలోనూ పైకి తీసిన జీవులన్నీ సారాయి సీసాల్లో కలకత్తా ఇండియన్ మ్యూజియానికి చేరాయి. ఎనిమిది చేతుల పగడాల సీసాలను అక్కడి నుంచి స్కాట్లండ్‌లోని ఆబెర్డీన్‌కు, ఆచార్యుడు జె. ఆర్థర్ థాంసన్‌కు పంపారు. థాంసన్, హెండర్సన్ కలిసి రాసిన లోతు సముద్రపు జాతుల సంపుటాన్ని 1906లో ఇండియన్ మ్యూజియం కలకత్తాలో అచ్చువేసింది. 1909లో రెండో సంపుటం వచ్చింది. మన సముద్రాల అడుగున ఉన్న ఎనిమిది చేతుల పగడాల గురించి ఎవరు ఏం రాయాలన్నా నేటికీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ 1906 సంపుటంలో అంబెల్లులాకే కొత్త జాతుల పేర్లు వరసగా ఉన్నాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆ పేర్లలో చాలావాటిని ఒకదానిలో ఒకటి కలిపేశారు. థాంసన్‌ను తప్పుపట్టడం తేలికే గానీ, అతని బల్ల మీదున్నది ఏమిటో తలుచుకోండి. వందల బారల లోతు నుంచి వలలో నలిగి వచ్చినది. రంగు సారాయిలో దిగిపోయింది. పాలిప్‌లు ముడుచుకుపోయాయి. చాలాసార్లు ఒక్కటంటే ఒక్క నమూనా. పిల్ల జీవికీ పెద్ద జీవికీ, ముడుచుకున్నదానికీ విచ్చుకున్నదానికీ తేడా కనిపిస్తే అది వేరే జాతి అనుకోవడం తప్ప గత్యంతరం ఏముంది?

పైపై ఆకారం మోసం చేస్తుందని వాళ్లకూ తెలుసు. అందుకే లోపలి సాక్ష్యం వెతికారు. మెత్తని పగడం కండలో ఇసక రేణువులంత సున్నపు పలుకులు వేలకొద్దీ ఉంటాయి. వాటిని స్క్లెరైట్లు అంటారు. జర్మనీలో కోలికర్ 1865లో వీటి బొమ్మలను ఓపికగా గీసి, వర్గీకరణకు ఇవే ఆనవాళ్లని నిలబెట్టాడు. ఇప్పటికీ ప్రయోగశాలలో మొదట చేసే పని ఇదే. సారాయిలోంచి తీసిన ముక్క అంచున గోటి కొసంత తుంచి గాజుపలక మీద పెడతారు. బట్టలకు వాడే బ్లీచు ఒక చుక్క వేస్తారు. బుసబుస పొంగి కండంతా కరిగిపోతుంది. నురగ తగ్గాక నీళ్లతో నెమ్మదిగా కడిగి మైక్రోస్కోపు కింద పెడితే, అప్పటిదాకా ముద్దగా ఉన్నది ఒక్కసారిగా లెక్క తేలుతుంది. రెండు కొసలూ సూదిగా ఉన్న కదుర్లు, ముళ్ల గదలు, నడుము సన్నగా ఉండి రెండు వైపులా కిరణాల్లాంటి బుడిపెలు తేలిన పలుకులు. చర్మంలో ఒక రకం, లోపల మరొకటి, చేతుల్లో ఇంకొకటి. ఏది ఎక్కడుందో రాసుకుంటే జాతి తెలుస్తుంది.

ఎర్ర పగడం సంగతి ఇక్కడే బయటపడాల్సింది. దాని చర్మంలో ఉన్నవి ఆ కిరణాల పలుకులే. నడిమి ఇరుసులో అవే పలుకులు సున్నంతో అతుక్కుని ఒకటై రాయిలా బిగుస్తాయి. కంసాలి రంధ్రం వేసేది ఆ ఇరుసుకే. పారగార్జియా అనే లోతు సముద్రపు చెట్టు పగడంలోనూ ఇరుసుంది గానీ, పలుకులు అతుక్కోవు, వదులుగానే ఉంటాయి. ఆంథోమాస్టస్‌లో ఇరుసే లేదు. కిరణాల పలుకులు కండలో విడివిడిగా చెదిరి ఉంటాయి. అంటే ముగ్గురి దగ్గరా దాదాపు ఒకే సరంజామా. ఒకరు కట్టారు, ఒకరు సగం కట్టారు, ఒకరు కట్టలేదు. కానీ పుస్తకాలు ఇరుసునే చూశాయి. ఇరుసున్నవాళ్లను ఒకవైపు, లేనివాళ్లను ఒకవైపు కూర్చోబెట్టాయి.

ఆ ముగ్గురికీ ఇంకో పోలిక ఉంది. ఒకే కాలనీలో రెండు రకాల పాలిప్‌లు. పెద్దవి చేతులు చాపి తిండి పట్టేవి. చిన్నవాటికి చేతులు దాదాపు ఉండవు, వాటి పని కాలనీ అంతటా నీళ్లు తోయడమే. చీకటి లోతుల్లో సూర్యుడి వెలుతురుతో తిండి చేసిపెట్టే నాచు సాయం ఉండదు. పై నీళ్లలో చచ్చినవీ కుళ్లినవీ తునకలుగా రాలుతుంటాయి. వాటినీ, దారిన పోయే చిన్న జీవాలనూ పట్టుకోవాలి. తిండి తక్కువ, చలి ఎక్కువ, ఎదుగుదల నిదానం. లోతు సంగతి అటుంచి, తక్కువ లోతున్న మధ్యధరా ఎర్ర పగడమే ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతు కూడా లావెక్కదు. పెళ్లికూతురి మెడలోని పూస మందం అంటే కొన్ని దశాబ్దాలన్న మాట.

20వ శతాబ్దం రెండో సగమంతా ఈ రంగంలో ఫ్రెడరిక్ బేయర్‌ది. వాషింగ్టన్ స్మిత్సోనియన్‌లో కూర్చుని 1981లో అతను తయారుచేసిన గుర్తింపు సూచిక ప్రపంచంలో ఈ పని చేసే అందరి బల్లల మీదా ఉండేది. బేయర్‌కు ఒక నిజాయితీ ఉంది. మెత్తని పగడాలకూ, ఇరుసున్న గొర్గోనియన్లకూ, అంటే సముద్రపు విసనకర్రలకూ మధ్య గీత ఎక్కడ గీసినా ఏదో ఒక జాతి గీత మీదే నిలబడుతోందని చూసి, ఆ గీతనే చెరిపేశాడు. అన్నిటినీ ఆల్సియొనేసియా అనే ఒకే క్రమంలో వేశాడు. ఏది ఎవరి చుట్టమో తెలియనప్పుడు తెలిసినట్టు గదులు కట్టకపోవడం మేలని నా అభిప్రాయం కూడా.

జన్యువులు వచ్చాక గదులు మళ్లీ కట్టడం మొదలైంది. అక్కడా ఒక విచిత్రం. ఎనిమిది చేతుల పగడాల మైటోకాండ్రియాలో మ్యూట్‌ఎస్ అనే జన్యువు ఉందని 1995లో తేలింది. డీఎన్ఏ అచ్చుతప్పులు దిద్దే జన్యువుల తెగకు చెందినది. మరే జంతువు మైటోకాండ్రియాలోనూ అది కనిపించలేదు. దానివల్లనో ఏమో, వీటి మైటోకాండ్రియా జన్యువులు బహు నిదానంగా మారతాయి. దగ్గరి జాతులను విడదీయడానికి అది అడ్డంకి, లోతైన పాత చుట్టరికాలు చూడటానికి అనుకూలం. కాలిఫోర్నియాలోని హార్వే మడ్ కాలేజీలో కేథరిన్ మెక్‌ఫాడెన్ బృందం 2006లో ఈ జన్యువులతో వంశవృక్షం గీసింది. పాత పద్దులు చాలావరకు చెదిరిపోయాయి. ఒక కొమ్మకు వాళ్లు పెట్టుకున్న పేరే ‘ఆంథోమాస్టస్–కొరాలియం’. మెత్తని పుట్టగొడుగు, గట్టి పగడం పక్కపక్కన.

ఒకటి రెండు జన్యువుల మాట విని 200 ఏళ్ల పద్దును తిరగరాయలేరు. ఇంకో పదిహేనేళ్లు ఆగారు. ఈలోగా ఆండ్రియా క్వాట్రీని తదితరులు జీనోములో కోట్ల ఏళ్లుగా పెద్దగా మారని ముక్కలను వందల సంఖ్యలో ఒకేసారి పట్టే పద్ధతి తయారుచేశారు. దాని గొప్ప మ్యూజియం సీసాల్లో తెలుస్తుంది. ఏళ్ల తరబడి సారాయిలో నానిన నమూనాలో డీఎన్ఏ తుంపులు తుంపులైపోతుంది. ఈ పద్ధతికి తుంపులు చాలు. 2022లో మెక్‌ఫాడెన్, లైడెన్ మ్యూజియంలో స్క్లెరైట్ల మీద కళ్లు అరగదీసుకున్న వాన్ ఆఫ్‌వేగెన్, క్వాట్రీని ముగ్గురూ కలిసి మొత్తం పద్దు తిరగరాశారు. ఉన్న మూడు క్రమాలను తీసేసి రెండే ఉంచారు: మలాకాల్సియొనేసియా, స్క్లెరాల్సియొనేసియా. రెండింటిలోనూ మెత్తనివి ఉన్నాయి, ఇరుసున్నవీ ఉన్నాయి. అంబెల్లులా లాంటి సముద్రపు ఈకలన్నీ ఇన్నాళ్లూ తమదే అనుకున్న ప్రత్యేక క్రమాన్ని వదులుకుని రెండో దానిలో ఒక భాగమయ్యాయి. ఎర్ర పగడం, పారగార్జియా, ఆంథోమాస్టస్ ఒకే కుటుంబంలో కలిశాయి. అస్థిపంజరం గట్టిగా ఉండటం, లేకపోవడం ఈ జీవుల చరిత్రలో పదే పదే వచ్చి పోయిన లక్షణమని అర్థమైంది.

తెలుగునాట ఈ కుటుంబం మీద గట్టి పని జరిగింది రసాయన శాస్త్రంలో. రాయిలాంటి ఇల్లు లేని మెత్తని పగడం తనను తాను కాపాడుకునేది విషపు రసాయనాలతో. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు ఎ.ఎస్.ఆర్. ఆంజనేయులు బృందం, హైదరాబాద్ ఐఐసీటీలో వై. వెంకటేశ్వర్లు బృందం 1990ల్లో మన్నార్ సింధుశాఖ నుంచీ, అండమాన్ల నుంచీ తెచ్చిన సైనులేరియా, సార్కోఫైటాన్ లాంటి మెత్తని పగడాల్లో టెర్పీన్లు అనే రసాయనాల్లో కొత్తవాటిని వరసగా వేరుచేశారు. అవి తక్కువ లోతువి. కానీ ఇబ్బంది అందరిదీ ఒకటే. ఒక రసాయనం ఫలానా జాతిలో దొరికిందని రాయాలంటే ముందు ఆ జాతి పేరు సరిగా ఉండాలి. మళ్లీ అదే గోటి కొసంత ముక్క, బ్లీచు చుక్క, మైక్రోస్కోపు.

పద్దు మారిందన్న కబురు నగల బజారుకు చేరలేదు, చేరే తొందరా లేదు. అక్కడ ఎరుపు రంగు పట్టించి పగడం పేరుతో అమ్మే సరుకులో వెదురు పగడం ఒకటి. కణుపులు కణుపులుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు. దానివీ ఎనిమిది చేతులే. నకిలీ అని తిట్టుకున్నా, సముద్రంలో అసలుదానికి దూరపు చుట్టమే. ఆ వెదురు పగడాలను కూడా జన్యువులు ఒక కుటుంబంగా ఉండనివ్వలేదు. కణుపులు వేరువేరు వంశాల్లో విడివిడిగా పుట్టాయని తేలి, వాటిని అనేక కుటుంబాలుగా చీల్చారు.

చట్టానికీ ఈ చిక్కు తప్పలేదు. 2001లో కేంద్రం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రాతి పగడాలతో పాటు సముద్రపు విసనకర్రలను, ‘గొర్గోనియన్లన్నీ’ అన్న మాటతో చేర్చింది. మంచి పనే. విసనకర్రల్ని పడవలకెత్తి ఎగుమతి చేసిన రోజులున్నాయి. అయితే కొత్త వర్గీకరణలో గొర్గోనియన్లు అనే గుంపు లేదు. రెండు క్రమాల్లోనూ చెదిరిపోయింది. ఇరుసు లేని మెత్తని పగడాలు ఆ 2001 జాబితాలోకి రాలేదు. వాటి సొంత అన్నదమ్ములు ఇరుసున్న పుణ్యానికి వచ్చాయి. రేవులో తనిఖీ చేసే అధికారి చేతిలో పెట్టెడు ఎండిన కొమ్మలుంటే, అతను చూడవలసింది ఇప్పటికీ 1878లో వెరిల్ చూసినదే: లోపల ఇరుసు ఉందా, లేదా.